బొట్టు పెట్టి పిలిచిన బాస్కెట్‌బాల్

తెనాలిలో ఎవరితోనైనా పటాన్‌చెరువు వెళ్లి వచ్చానంటే, "అక్కడ ఏ దేవుడున్నాడు?" అని అడుగుతున్నారు. వయసు మళ్లిన ఆడది రైలెక్కిందంటే అది దేవుడి కోసమే అయి ఉండాలని మావాళ్ల లెక్క. నేను వెళ్లింది మా చెల్లెలి కూతురు శైలజ బాస్కెట్‌బాల్ ఆట చూడటానికి. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా జీవితమంతా ఈల ఊదినదాన్ని. రిటైరయ్యాక ఆ ఈల బీరువాలో పడుకుంది గానీ నేను పడుకోలేదు.

శైలజ ఒక మందుల కంపెనీ జట్టులో ఆడుతుంది. ఆడినందుకే జీతం. జట్టు మొన్నమొన్నటి దాకా సికింద్రాబాదులో ఉండేది. సాయంత్రమైతే కోర్టు చుట్టూ జనం, వేరుశనక్కాయల బండ్లు, ఈలలు, ఒకటే సందడి. కంపెనీ అక్కడి ఆఫీసు అమ్మేసి అన్నిటినీ ఫ్యాక్టరీ దగ్గరికి, గడ్డపోతారానికి తరలించింది. బల్లలూ కుర్చీలతో పాటు ఆడపిల్లల జట్టునూ తరలించింది. కొత్త కోర్టు వేసింది, పక్కనే సిమెంటు మెట్లతో గ్యాలరీ కట్టింది. ఆ మెట్ల మీద కూర్చోవడానికి మనుషులే లేరు.

"జనం చూడని జట్టు మీద పేరు రాయించుకుంటే కంపెనీకి ఏం లాభం? ఈ నెలలో గ్యాలరీ నిండకపోతే జట్టు ఎత్తేస్తాం, మీరంతా ప్యాకింగు సెక్షనులో చేరండి" అన్నాడట పెద్ద మేనేజరు. ఫోనులో ఆ మాట చెబుతూ శైలజ ఏడ్చింది. మా ఇంట్లో పిల్లలు ఊరికే ఏడవరు. నేను ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాను.

పటాన్‌చెరువులో కాఫీ లేదు

బస్సు దిగగానే ఒక హోటల్లో కూర్చుని కాఫీ అడిగాను. సర్వరు నన్ను జాలిగా చూసి, "చాయే ఉంటదమ్మా" అన్నాడు. రెండు రూపాయలకి సింగిల్ చాయ్. మీగడ తేలుతూ, చెంచా నిలబడేటంత చక్కెరతో వచ్చింది. ఇలాంటిది తాగితే మా వీధిలో డాక్టరు పిలిచి మరీ తిడతాడు. రెండోది కూడా తాగాను.

పక్క బల్ల మీద బిహారు కుర్రాళ్లు, ఒడిశా కుర్రాళ్లు, టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, టిఫిను డబ్బాలతో ఊరివాళ్లు, అందరూ ఒకే పత్రికను పేజీలు విడదీసుకుని చూస్తున్నారు. మాటలు సగం తెలుగు, సగం ఉర్దూ, మధ్యలో "షిఫ్టు", "ఓటీ". మా వైపు హోటల్లో కొత్త మనిషి కూర్చుంటే ఎవరమ్మాయివి, ఎవరింటికి అని ఆరా మొదలవుతుంది. ఇక్కడ అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే కాబట్టి ఎవరూ ఎవర్నీ అడగరు. ఒక పూట హాయిగా అనిపించింది, మర్నాటికి దిగులేసింది.

బయట సెవెన్ సీటర్ ఆటోల వరస. ఖాజా అనే డ్రైవరును ఆడపిల్లల బాస్కెట్‌బాల్ కోర్టు తెలుసా అని అడిగాను.

"లేడీస్ బాస్కెట్‌బాలా? గడ్డపోతారంల అన్ని మందుల కంపెనీలే అమ్మా. నేను రోజూ పోతున్న ఆ తొవ్వల. గసుంటి ఆట నేనైతే సూడలే."

"పెద్ద సిమెంటు మెట్లు కట్టారటయ్యా."

"మెట్లా? గవి సూసిన. ఎండుమిరపకాయలు ఆరబోసెతందుకు కట్టిన్రనుకున్న!"

ఏడుగురి బండిలో అంతకు రెట్టింపు మందిమి ఎక్కాక కూడా ఖాజా వెనక్కి తిరిగి, "జెర జరగండమ్మా, ఇంకొకరు పడ్తరు" అన్నాడు. ఆ ఇంకొకరు ఒక కోడిపుంజుతో సహా నా ఒళ్లో పడ్డారు.

గడ్డపోతారం గాలి

ఊరు కనిపించక ముందే వాసన వచ్చింది. మా స్కూలు సైన్సు గదిలో సీసా పగిలిన రోజు వచ్చిన వాసన, కాకపోతే ఇక్కడ రోజూ పగులుతుంది. శైలజ గేటు దగ్గర ఎదురొచ్చి నా సంచి అందుకుంది. ట్రాక్ ప్యాంటు, రెండు జడలు, మోకాలికి కట్టు.

"తలనొప్పిగా ఉందా పెద్దమ్మా? మొదటి వారం అందరికీ ఉంటుంది. తర్వాత ముక్కే మానుకుంటుంది" అంది.

పిల్లలు ఉండే క్వార్టర్సు చిన్నవే అయినా శుభ్రంగా ఉన్నాయి. కుళాయి నీళ్లు పసుపుపచ్చగా వస్తాయి. అవి బట్టలకి. తాగే నీళ్లకి ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని వరసలో నిలబడాలి. దేశం నలుమూలలా ఆడి కప్పులు తెచ్చిన పిల్లలు, బిందెల దగ్గర మాత్రం మా తెనాలి కొళాయి తగవుల్లాగే తగవులాడుతున్నారు. రాత్రి క్యాంటీన్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు. పచ్చిపులుసు అంటే మా వైపు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి చింతపండు రసంలో వేస్తే ఇంత రుచి వస్తుందని తెలియక ఇన్నేళ్లూ చారు కాచుకుంటూ గడిపాను.

ఆదివారం, ఖాళీ మెట్లు

ఆ ఆదివారం నగరం నుంచి వచ్చిన జట్టుతో ఆట. గోడల నిండా రంగురంగుల పోస్టర్లు అంటించారు. గ్యాలరీలో ఉన్న కొద్దిమందీ రాత్రి షిఫ్టు దిగిన కుర్రాళ్లు. వాళ్లలో సగం మంది నీడ చూసుకుని మెట్ల మీద పడుకున్నారు. బంతి రింగులో పడ్డప్పుడు నా చప్పట్లు నాకే వినిపించాయి.

శైలజ బాగా ఆడింది. కానీ చిన్నప్పటి నుంచీ దానికొక రోగం. ఎప్పుడూ కుడివైపుకే తిరుగుతుంది. ఎడమ చేత్తో బంతి వెయ్యమని పదేళ్లుగా మొత్తుకుంటున్నాను, నవ్వి ఊరుకుంటుంది. "ఎడమ చెయ్యే!" అని అరిచాను. ఆ కోర్టు మొత్తానికి ఆ పూట వినిపించిన అరుపు అదొక్కటే.

ప్రహరీ గోడ అవతల నలుగురైదుగురు ఆడవాళ్లు తల మీద గడ్డిమోపులతో ఆగి చూస్తున్నారు. రండి, వచ్చి కూర్చోండి అని చెయ్యి ఊపాను. గేటు లోపలికి నాలుగడుగులు వేసి, మెట్ల వైపు చూసి, వాళ్లలో వాళ్లు ఏదో అనుకుని, ముసిముసిగా నవ్వుకుని వెళ్లిపోయారు. మేనేజరు కారు దిగకుండానే అద్దం దించి మెట్లను చూశాడు. కోర్టు వైపు చూడనే లేదు. అద్దం మళ్లీ పైకి వెళ్లింది.

రాత్రి శైలజ అన్నం కెలుకుతూ, "ప్యాకింగులో నిలబడి పనిచెయ్యాలట పెద్దమ్మా. ఆట ఆగిపోతే నేను ఏం చేసే మనిషినో నాకు తెలీదు" అంది. దాని కంచంలో పచ్చిపులుసు ఇంకొంచెం వేశాను.

సంగారెడ్డి జామపండ్లు

రెండ్రోజుల తర్వాత జట్టు కోచ్ జోసెఫ్ గారితో కలిసి సంగారెడ్డి వెళ్లాను. కాలేజీ పిల్లల్ని ఆట చూడటానికి పంపమని అడగడం మా పని. ఆయన ఒకప్పుడు పెద్ద ఆటగాడు, ఇప్పుడు నోట్లోంచి మాట రాని మొహమాటస్థుడు. అడగవలసిందంతా నేనే అడిగాను. ఒక కాలేజీలో పరీక్షలన్నారు, ఇంకోచోట బస్సు ఎవరిస్తారన్నారు. మూడోచోట మర్యాదగా చాయ్ ఇచ్చి, ఆడపిల్లలు చేతుల్లేని బనీన్లతో ఆడే ఆటకి మగపిల్లల్ని పంపడం బాగుండదన్నారు. చాయ్ తాగకుండా లేచి వచ్చేశాను. తర్వాత దారంతా ఆ చాయ్ గురించే బాధపడ్డాను.

ఆ బాధ జామపండ్లతో తీరింది. సంగారెడ్డి జామ గురించి విన్నాను గానీ తినలేదు. అమ్మే ఆవిడ నాలుగు చెక్కలుగా కోసి ఉప్పూకారం అద్ది చేతిలో పెడుతుంది. తింటే గానీ బేరం లేదు. మా వైపు పండు ముట్టుకుంటే చాలు కొనాలి. ఆశపడి ఒక గంప కొనేశాను. బస్సు మలుపు తిరగ్గానే గంప బోర్లాపడి పండ్లన్నీ సీట్ల కిందికి దొర్లిపోయాయి. డ్రైవరు పక్కనున్నవాళ్ల దగ్గర్నుంచి చివరి సీటు దాకా బస్సంతా వంగి ఏరింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ చీర కొంగు నిండా పోగుచేసి నా గంపలో పోసింది. పేరు ఎల్లవ్వ, ఊరు గుమ్మడిదల. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటే ఆవిడే అంది.

"నువ్వు మొన్న కంపెనీల చెయ్యి ఊపినావిడవు గదా? నేను గోడ పొంటి నిలబడ్డ, గడ్డిమోపుతోని."

"మరి లోపలికి రాలేదేం ఎల్లవ్వా? అంత బాగా ఆడుతున్నారు కదా."

"పిలిస్తే గదా వచ్చేది?"

"ఊరంతా పోస్టర్లు వేశారు!"

"గోడకు చెప్పిన్రు. గోడ వచ్చింది" అంది ఎల్లవ్వ. "మా గడపకొచ్చి ఎవలన్న చెప్పిన్రా? బొట్టు వెట్టకుంట సొంత చెల్లె పెండ్లికే పోం. కంపెనీకి ఎట్ల వస్తం?"

జోసెఫ్ గారు నావైపు చూశారు. నేను జామపండు కొరికి ఆలోచించాను. మా తెనాలిలో మాత్రం బొట్టు పెట్టకుండా పేరంటానికి ఎవరొస్తారు? ఇంత చిన్న విషయం కంపెనీ పెద్దమనుషులకి తట్టలేదంటే మగాళ్లు అని సరిపెట్టుకోవచ్చు. నాకెందుకు తట్టలేదో!

గుమ్మడిదల గడపలు

మర్నాడు ప్రాక్టీసు అయ్యాక పిల్లలందరికీ ట్రాక్ ప్యాంట్ల మీద చున్నీలు కప్పించి, ఖాజా ఆటో మాట్లాడుకుని బొట్టు పిలుపులకి బయల్దేరదీశాను. "ముందు దేవునికి చెప్పాలె" అని మాకు తోడొచ్చిన ఎల్లవ్వ పట్టుబట్టింది. అందుకని బొంతపల్లిలో వీరభద్రస్వామి దర్శనం చేసుకుని, అక్కడి కుంకుమే భరిణెలో నింపుకున్నాం. ఆరడుగుల మా సెంటరు ప్లేయరు పంజాబు పిల్ల. బొట్టు పెట్టడం దానికి కొత్త. మొదటి ఇంట్లో నుదురంతా పులిమేసింది. ఆ ఇంటావిడ అద్దం చూసుకుని, "నన్ను బోనాలకు తయారుజేసినవా బిడ్డా?" అని విరగబడి నవ్వింది.

అదే ఊళ్లో ఉన్న ఖాజా వాళ్ల ఇంటి ముందు మేము ఆగి సందేహిస్తుంటే వాళ్ల అమ్మ బయటికొచ్చింది. "మాకు బొట్టు లేదు బేటా. నోటితోని పిలువు, గంతే చాలు" అని, పిలిచినందుకు అందరికీ ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది.

అన్ని ఇళ్లూ అలా నవ్వలేదు. ఒక ఇంట్లో నడివయసు ఆవిడ గడపలోనే నిలబడి శైలజ చొక్కా మీది అక్షరాలు చూసింది. లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి మా ముందు పెట్టింది. అవీ పసుపుపచ్చగా ఉన్నాయి.

"గా కంపెనీ పేరు రొమ్ము మీద రాసుకొని నా గడపకొచ్చినవా? మా బాయిల నీళ్లు గివి. తాగుతవా?"

శైలజ చెంబులోకి చూసి, "మా కుళాయిలోనూ ఇవే వస్తాయి అత్తా. తల స్నానం చేస్తే జుట్టు ఊడుతుంది" అంది. ఒక జడ పట్టుకుని చూపించింది. "ట్యాంకరు రాని రోజు మేము కూడా ఏడుస్తాం. మేం ఆ కంపెనీలో ఆడుతున్నాం, అంతే. మీ నీళ్లు బాగు చెయ్యమని చెప్పే పెద్దరికం మాకు లేదు."

ఆవిడ ఆ జడను చాలాసేపు చూసింది. చెంబులో నీళ్లు వాకిట్లో పారబోసి నుదురు ముందుకు చాపింది. "వెట్టు" అంది.

రెండో ఆదివారం

ఆట మొదలవక ముందే ఆడవాళ్లు రావడం మొదలైంది. పట్టుచీరలు, పూలు, చంకల్లో పిల్లలు. గేటు దగ్గర వాచ్‌మన్ బిత్తరపోయి సలాం కొట్టాడు. చాపలు తెచ్చుకుని కోర్టు గీతల పక్కనే, కొందరు గీతల మీదే, చక్కగా కూర్చున్నారు. నా కళ్లు చెమ్మగిల్లాయి. అప్పుడు ఎల్లవ్వ నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"వంటలు యాడ వెట్టిన్రు?"

"ఏం వంటలు?"

"బొట్టు వెట్టి చెప్పినంక బువ్వ ఉండదా? అందరు పొద్దుగాల చాయ్ తాగొచ్చిన్రు!"

మా వైపు పేరంటానికి బొట్టు పెట్టి పిలిస్తే గుప్పెడు శనగలు, తాంబూలంతో సరిపోతుంది. వీళ్ల ఊళ్లో బొట్టు పెట్టారంటే ఇంటిల్లిపాదికీ విస్తరి వేసినట్టేనట. తెనాలి తెలివితో ఊరు ఊరంతటినీ భోజనానికి పిలిచేసి కూర్చున్నాను. క్యాంటీనుకి పరుగెత్తాను. వంటాయన మర్నాటి టిఫినుకి శనగలు నానబోసి ఉంచాడు. కాళ్లా వేళ్లా పడి అప్పటికప్పుడు గుడాలు ఉడికించి తాలింపు వేయించాను. ఖాజా ఆటో వేసుకుపోయి జామపండ్ల గంపలు దించాడు. "పెండ్లోళ్ల కంటె పరేషాన్ అయితున్నవమ్మా" అని నవ్వి, తనూ గోడ పక్కన నిలబడి చూడసాగాడు.

ఎవరూ అలగలేదు. గుడాలు నముల్తూ ఆటలో పడిపోయారు. బంతి కోసం ఉరికిన శైలజ ఒకసారి నేరుగా ఒకావిడ ఒళ్లో పడింది. ఆవిడ మోకాలు నిమిరి, నెత్తి మీద చెయ్యి వేసి, మళ్లీ కోర్టులోకి తోసింది. రెఫరీ అలాగే చూస్తూ ఉండిపోయాడు.

సగం ఆట అయ్యాక మేనేజరు వచ్చాడు. ఈసారి కారు దిగాడు, వెంట ఫోటోగ్రాఫరు. నేరుగా మెట్ల వైపు చూశాడు. మెట్లు ఖాళీ.

"గ్యాలరీ మళ్లీ ఖాళీయే కదా" అన్నాడు.

"సార్, మెట్లను చూస్తారేం? మనుషుల్ని చూడండి!" అన్నాను. నా గొంతు కాస్త లేచిన మాట నిజమే.

"మేడం, హెడ్డాఫీసుకి ఫోటో పంపాలి. గ్యాలరీ నిండినట్టు కనిపించాలి. లేకపోతే నా చేతిలో ఏం లేదు."

జోసెఫ్ గారు తల దించుకున్నారు. శైలజ నీళ్లు తాగుతున్నదల్లా ఆగిపోయింది. నేను వెళ్లి ఎల్లవ్వకి జరిగింది చెప్పాను. ఆ మెట్లు నిండకపోతే ఈ పిల్లల ఆట ఆగిపోతుందని, మాత్రలు పెట్టెల్లో సర్దే పనిలో వేస్తారని ఉన్నదున్నట్టు చెప్పాను. మొన్నా రాలేదు, ఇవాళా ఎక్కలేదు, ఆ మెట్లంటే ఎందుకంత భయమని అడిగాను.

"భయమేందమ్మా! ఒగలు పైన, ఒగలు కింద. పైనోళ్ల కాళ్లు కిందోళ్ల నెత్తికి తాకుతయి. కోడలు పైన కూసుండి అత్త నెత్తికి కాలు తాకిస్తదా? గందుకే గా దినం నవ్వుకుంట పోయినం."

అదీ సంగతి. సికింద్రాబాదులో ఎవరికీ రాని ఆలోచన. మెట్ల కొలతలు తీసిన ఇంజనీరుకి అత్తాకోడళ్ల కొలతలు తెలియవు. ఎల్లవ్వ నడుం మీద చేతులు వేసుకుని మెట్లను కింద నుంచి పై దాకా చూసి, వెనక్కి తిరిగి గట్టిగా కేకేసింది.

"ఓ అత్తలందరు, లేవుండ్రి! మీరు పై మెట్టుకు నడువుండ్రి. కోడండ్లు నడుమ. పోరగాండ్లు కింద. పెద్దోళ్ల నెత్తికి ఎవ్వల కాలు తాకది!"

చాపలు లేచాయి. ముందు ముసలమ్మలు కదిలారు. మోకాళ్ల నొప్పులవాళ్లని మా ఆటగత్తెలే చెయ్యి పట్టి ఎక్కించారు. పంజాబు పిల్ల ఒకావిడను అమాంతం ఎత్తుకుని పైమెట్టు మీద కూర్చోబెడితే, ఆవిడ సిగ్గుతో మొహం కప్పుకుంది. ఖాజా వాళ్లమ్మ ఎల్లవ్వ పక్కన చోటు చేసుకుంది. చెంబు నీళ్లావిడ మధ్య మెట్ల మీద, కోడళ్ల వరసలో కనిపించింది. కాసేపట్లో మెట్లన్నీ చీరలే. పైకి చేరిన అత్తలకి అక్కణ్ణుంచి ఆట ఎంత బాగా కనిపిస్తుందో అప్పుడు తెలిసింది. ఇక దిగమన్నా దిగేలా లేరు. ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు. మేనేజరు కూర్చోవడానికి చోటు లేక ఆట అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. నాకు అది బహు ముచ్చటగా అనిపించింది.

మావాళ్లు ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయారు. ఆఖరి బంతి శైలజదే. ఎడమవైపు దారంతా ఖాళీగా ఉంటే కుడివైపు తిరిగి అడ్డంగా దొరికిపోయింది. అయినా ఆడవాళ్లు దిగొచ్చి పిల్లల బుగ్గలు పుణికి, "మస్తు దుంకిన్రు బిడ్డా" అని మెచ్చుకున్నారు.

మేనేజరు వెళ్తూ నాతో, "ఈ ఏడాదికి జట్టు ఉంటుంది మేడం" అన్నాడు. కారు తలుపు తీస్తూ, "కానీ వీళ్లు మీరు పిలిస్తే వచ్చారు. ప్రతివారం బొట్లు పెట్టించలేం కదా" అన్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ అతనన్నది నిజమే. మర్యాదకి వచ్చినవాళ్లు వేరు, ఆట కోసం వచ్చేవాళ్లు వేరు. ఆ రాత్రి సంబరంలో శైలజ కూడా అదే ఆలోచిస్తోందని దాని మొహం చెప్పింది.

తిరుగు ఆటో

మర్నాడు ఖాజా ఆటోలోనే తిరుగు ప్రయాణం. నన్ను బస్సెక్కించడానికి శైలజ కూడా వచ్చింది. బండి నిండా షిఫ్టుకి వెళ్లేవాళ్లు. కొంతదూరం పోయాక ఖాజా అద్దంలోంచి శైలజను చూశాడు.

"చెల్లే, ఏమనుకోకు, ఒక మాట చెప్పాల్నా?"

"చెప్పన్నా."

"నిన్న నీ వల్లనే ఓడిపోయిన్రు."

నేను ఖాజా మీదికి లేవబోయాను. వాడు ఊరుకోలేదు.

"ఎడమ దిక్కు అంత ఖాళీ ఉన్నది, నువ్వు కుడి దిక్కే పోతవేంది? ఎడమ చెయ్యి నొస్తదా? వచ్చే ఆదివారం వరంగల్లోళ్లు వస్తున్నరంట. వాళ్లు మస్తు పొడుగుంటరంట. గిట్లనే ఆడితే మళ్ల ఓడ్తం."

"ఓడ్తం" అన్నాడు. వచ్చే వారం ఆట సంగతి వాడికి మేమెవరం చెప్పలేదు. ఎవర్ని అడిగి తెలుసుకున్నాడో! వెనక సీట్లోంచి టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకున్న మనిషి, "ఔ, మా ఇంటిది గూడ అదే అన్నది. గా ఏడో నంబరు పిల్ల ఒక్కదిక్కే తిరుగుతదని రాత్రంత ఒకటే లొల్లి" అన్నాడు.

శైలజ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. ఆ ఊళ్లో దాని ఆటను పట్టించుకుని తప్పుపట్టిన మొదటి మనుషులు వాళ్లు. అరచేత్తో కళ్లు తుడుచుకుని, "సరే అన్నా. ఆదివారం రా, ఎడమ చేత్తోనే వేస్తాను, చూడు" అంది.

పదేళ్లుగా నేను గొంతు చించుకుంటే నవ్వి ఊరుకున్న పిల్ల, ఆటోవాడు ఒక్కసారి చెబితే సరే అంది. నాకు ఒళ్లు మండాలి. మండలేదు. వాడికి చెప్పిన కిరాయి కంటే ఎక్కువే ఇచ్చి బస్సెక్కాను.